కారుకి గట్టి హారన్ పెట్టించే ముందు ఒకసారి వోల్టేజీ చూడండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది: కారుతో వచ్చిన హారన్ పీలగా మోగుతోంది, హైవే మీద ముందున్న లారీ వాళ్లకి వినపడట్లేదు. ప్యాకెట్ మీద 118 డెసిబెల్స్ అని రాసి ఉన్న ట్రంపెట్ హారన్ల జత ఒకటి చూసుకున్నారు. పాత కనెక్టర్‌కే తగిలిస్తే సరిపోతుందా, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) పెట్టాల్సిందేనా, ఈ పని మనమే చేసుకోవచ్చా అని అడుగుతున్నారు.

ముందు క్లుప్తంగా చెప్పేస్తాను. ట్రంపెట్ జత అయితే రిలే పెట్టండి. స్పానర్లు, మల్టీమీటర్ వాడటం వచ్చిన వాళ్లు ఎవరైనా ఈ పని చేసుకోవచ్చు. కానీ డబ్బు పెట్టే ముందు, ఇప్పుడున్న హారన్ దగ్గర వోల్టేజీ ఎంత వస్తోందో చూడండి. "హారన్ పీలగా ఉంది" అని నా దగ్గరికి వచ్చిన బండ్లలో చాలావాటికి జబ్బు హారన్‌లో ఉండదు, దానికి కరెంటు చేరే దారిలో ఉంటుంది. ఆ దారి అలాగే ఉంచి ఎంత మంచి హారన్ తెచ్చి పెట్టినా అదీ పీలగానే మోగుతుంది. పైగా కొత్త హారన్ ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి, ఆ దారిలో పోయే వోల్టేజీ ఇంకా పెరుగుతుంది.

కొలవడం ఇలా. బండి స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉంచండి. మల్టీమీటర్‌ని 20 వోల్టుల డీసీలో పెట్టి బ్యాటరీ రెండు టెర్మినల్స్ మధ్య చూస్తే 14కి అటూ ఇటూగా చూపిస్తుంది. ఇప్పుడు హారన్ కనెక్టర్‌ని ఊడదీయకుండా, వెనక వైపు నుంచి మీటర్ సూదుల్ని రెండు పిన్నులకి తగిలేలా పెట్టి, ఎవరినైనా స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి హారన్ నొక్కమనండి. కనెక్టర్ ఊడదీసి కొలిస్తే ఉపయోగం లేదు. లోడ్ లేనప్పుడు తుప్పు పట్టిన వైరు కూడా బుద్ధిగా 14 వోల్టులు చూపిస్తుంది, అసలు రంగు హారన్ మోగుతున్నప్పుడే బయటపడుతుంది. అప్పుడు 13 పైన ఉంటే మీ వైరింగ్ బాగున్నట్టే. 11 దగ్గరికి పడిపోయిందంటే దొంగ దొరికినట్టే.

ఆ దొంగ ప్లస్ వైపు ఉన్నాడా, ఎర్త్ (మైనస్) వైపు ఉన్నాడా అన్నది తర్వాత ప్రశ్న. ఒక సూది బ్యాటరీ ప్లస్ మీద, రెండోది హారన్ ప్లస్ పిన్ను మీద పెట్టి నొక్కించండి. మీటర్ చూపించేదంతా ప్లస్ దారిలో పోతున్న వోల్టేజీ. అలాగే బ్యాటరీ మైనస్‌కి, హారన్ మైనస్‌కి మధ్య చూడండి. ఒక్కో వైపు అర వోల్టు లోపు ఉంటే పట్టించుకోనక్కర్లేదు. నేను చూసినంతవరకు ఎక్కువగా దొరికేది ఎర్త్ వైపు. హారన్ ఉండేది బంపర్ వెనక, వాన నీళ్లు, బురద నేరుగా కొట్టే చోట. అక్కడ ఎర్త్ బోల్టు కింద తుప్పు పడుతుంది. లేదంటే యాక్సిడెంట్ రిపేర్‌లో ఎర్త్ పాయింట్ మీద కూడా పెయింట్ కొట్టేస్తారు. బోల్టు విప్పి, ఎమరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించి, పైన కొంచెం గ్రీజు రాసి చూడండి. హారన్ గొంతు అక్కడికక్కడే మారిపోయిన బండ్లు ఉన్నాయి.

వోల్టేజీకి ఎందుకింత ప్రాధాన్యం అంటే, పవర్ వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్) బట్టి మారుతుంది. 14 రావాల్సిన చోట 11 వస్తే హారన్‌కి అందే పవర్ దాదాపు 62 శాతానికి పడిపోతుంది. అంతటితో అయిపోదు. మామూలు ఎలక్ట్రిక్ హారన్ లోపల ఒక కాయిల్, దాని ముందు పల్చటి ఉక్కు డయాఫ్రమ్ (అదిరే రేకు), ఒక కాంటాక్ట్ పాయింట్ ఉంటాయి. కాయిల్ డయాఫ్రమ్‌ని లాగుతుంది, ఆ లాగుడుకే కాంటాక్ట్ విడిపోయి కరెంటు ఆగుతుంది, డయాఫ్రమ్ వెనక్కి వస్తుంది, కాంటాక్ట్ మళ్లీ కలుస్తుంది. సెకనుకి 400 నుంచి 500 సార్లు జరిగే ఈ ఆటే మనకి వినపడే మోత. వోల్టేజీ తక్కువైతే లాగుడు చాలదు, కాంటాక్ట్ సరిగ్గా విడదు, మోత తగ్గడమే కాక బొంగురు పోతుంది. మీ హారన్ పీలగా ఉండటంతో పాటు గొంతు కూడా బొంగురుపోయిందా అన్నది ఒకసారి గమనించండి.

ఇంకొకటి కూడా చూడాలి. మీ కారుకి హారన్లు ఎన్ని? చాలా కార్లలో హై టోన్, లో టోన్ అని రెండుంటాయి, రెండింటిలో ఒకటి చచ్చిపోయినా డ్రైవర్‌కి తెలియదు, "ఈమధ్య సౌండ్ తగ్గింది" అనుకుంటాడంతే. మోగిస్తూ రెండింటి మీదా ఒక్కో వేలు ఆనిస్తే ఏది అదరట్లేదో తెలిసిపోతుంది (చెవులకి ఏదైనా అడ్డం పెట్టుకోండి). కొన్ని మోడళ్లలో కింది వేరియంట్‌కి ఒక్క హారనే ఇస్తారు. అలాంటి కారుకి ట్రంపెట్లూ అవీ అక్కర్లేకుండా రెండో టోన్ డిస్క్ హారన్ (గుండ్రటి పళ్లెంలా ఉండేది) ఒకటి జోడిస్తే చాలాసార్లు సమస్య తీరిపోతుంది.

ఇవన్నీ చూశాక కూడా హారన్ మార్చాల్సిందే అనుకుంటే, ఆ 118 సంగతి మాట్లాడుకుందాం.

డెసిబెల్ అంకె ఒక్కటే చెప్తే అర్థం లేదు, ఎంత దూరంలో కొలిచారో కూడా చెప్పాలి. ఆరుబయట దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పోతాయి. ఒక మీటర్ దగ్గర కొలిచిన 118, రెండు మీటర్ల దగ్గర కొలిచిన 112 ఒకటే హారన్. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 28వ నంబరుది పూర్తిగా హారన్ల గురించే. అందులో కార్ల హారన్‌ని 2 మీటర్ల దూరంలో కొలుస్తారు, 105 నుంచి 118 మధ్య ఉండాలంటారు. బండికి బిగించాక 7 మీటర్ల ముందు నుంచి కొలిస్తే 112 దాటకూడదు. ప్యాకెట్ల మీద 118 అన్న అంకె అంత తరచుగా కనపడటానికి ఆ పై హద్దే కారణమని నా అనుమానం. దూరం రాయని అంకెని నేనైతే పట్టించుకోను.

రెండు ఒకే బలం ఉన్న హారన్లు కలిపితే పెరిగేది 3 డెసిబెల్స్. మన చెవికి "రెట్టింపు గట్టిగా ఉంది" అనిపించాలంటే సుమారు 10 పెరగాలి. కాబట్టి కంపెనీ హారన్ 110 ఇస్తూ ఉంటే, కొత్తది నిజంగా 113 ఇచ్చినా మోత విషయంలో తేడా మీరు ఊహించుకున్నంత ఉండదు. మరి హారన్ మార్చిన వాళ్లందరూ "అబ్బ, ఎంత తేడా" అంటారేం? మారేది ముఖ్యంగా స్వరం. పీచుమనే ఒంటి హారన్ పోయి రెండు స్వరాల నిండు మోత వస్తుంది, పెద్ద బండి వస్తోందన్న భావన కలుగుతుంది. అవతలి వాళ్లు తల తిప్పి చూడటానికి చాలాసార్లు అదే సరిపోతుంది.

ఇక్కడే డిస్క్, ట్రంపెట్ తేడా కూడా చెప్పాలి. డిస్క్ హారన్‌లో డయాఫ్రమ్‌తో పాటు ముందు ఒక గట్టి పళ్లెం అదురుతుంది. దాని అసలు స్వరం 400, 500 దగ్గరే ఉన్నా, బలం చాలావరకు 2000 నుంచి 3500 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. మన చెవి బాగా పట్టుకునేది సరిగ్గా ఆ ప్రాంతాన్నే. ఇంజన్ రొద, టైర్ల మోత ఎక్కువగా కింది స్వరాల్లో ఉంటాయి కాబట్టి ఆ పదునైన శబ్దం వాటిని చీల్చుకుని పోతుంది. ట్రంపెట్ లేదా నత్త గుల్ల ఆకారం హారన్‌లో అదే డయాఫ్రమ్ ముందు చుట్టలు తిరిగిన గొట్టం ఉంటుంది. శబ్దం గుండ్రంగా, వినసొంపుగా ఉంటుంది. దారిన పోయేవాళ్లకి చిరాకు తక్కువ. అయితే హైవే మీద అద్దాలు మూసుకుని పాటలు వింటున్న వాడి చెవిన పడటమే మీ లక్ష్యం అయితే, మంచి డిస్క్ జత ట్రంపెట్‌కి ఏమాత్రం తీసిపోదు. ఊళ్లో, హైవే మీద కలిపి తిరిగే బండికి నేను ట్రంపెట్ వైపే మొగ్గుతాను. పూర్తిగా హైవే బండికి డిస్క్.

మిల్లర్ రీస్ హచిసన్ అనే అమెరికన్ ఇంజనీరు పేరు ఇక్కడ గుర్తొస్తుంది. ఒకప్పుడు చాలా కార్లలో మోగిన క్లాక్సన్ హారన్ ఆయనదే. చెవుడు ఉన్నవాళ్ల కోసం తొలి రోజుల్లో వచ్చిన విద్యుత్ వినికిడి యంత్రాన్ని తయారు చేసిందీ ఆయనే!

కొనేటప్పుడు హారన్ వీపు మీద హెచ్, ఎల్ అక్షరాలు చూడండి. ఒకటి హై, ఒకటి లో ఉండాలి. రెండూ ఒకటే టోన్‌వి పెడితే వాటి మధ్య ఉండే కొద్దిపాటి తేడా వల్ల మోత ఉయ్యాల ఊగినట్టు హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. రెంటికీ మూడు హెర్ట్జ్ తేడా ఉంటే సెకనుకి మూడుసార్లు ఊగుతుంది. అది హారన్ లోపం అనుకుని వెనక్కి పంపేవాళ్లు కూడా ఉన్నారు. అలాగే ఒక్కో హారన్ ఎన్ని యాంపియర్లు తీసుకుంటుందో ప్యాకెట్ మీద కచ్చితంగా చూడండి. వైరింగ్ అంతా ఆ అంకె మీదే ఆధారపడుతుంది.

చట్టం సంగతి. 1968 వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందంలో హారన్ మోత ఆగకుండా ఒకే తీరుగా ఉండాలని, కర్ణకఠోరంగా ఉండకూడదని ఉంది. చాలా దేశాల నిబంధనలు ఇదే దారిలో ఉంటాయి. రెండు టోన్లు ఒకేసారి మోగితే పర్వాలేదు. ఒకదాని తర్వాత ఒకటి మారుతూ మోగేవి, పాటలు పాడేవి, సైరన్‌లా ఎక్కి దిగేవి, ఇవే గొడవ తెచ్చిపెట్టేవి. బండి నడిపే చోట నిబంధన ఏమిటో ముందే చూసుకోండి. బేరం ఆడేటప్పుడు ఎక్కువ రకాల మోతలు ఉన్నదాని వైపు మనసు లాగుతుంది, వద్దు.

ఇక రిలే. కంపెనీ హారన్ మామూలుగా ఒక్కోటి 3 నుంచి 5 యాంపియర్ల వరకు తీసుకుంటుంది, కారు వైరు, ఫ్యూజు దానికి సరిపడా ఇస్తారు. మీరు తెచ్చిన కొత్త హారన్లు రెండూ కలిపి పాతవి తీసుకున్నంతే తీసుకుంటే నేరుగా పాత కనెక్టర్‌కే పెట్టుకోవచ్చు, రిలే లేదని కంగారు పడనక్కర్లేదు. చాలా డిస్క్ హారన్లు ఈ కోవలోకే వస్తాయి. ట్రంపెట్ జత 10 నుంచి 12 యాంపియర్ల దాకా వెళ్తుంది. దాన్ని 10 యాంపియర్ల ఫ్యూజు ఉన్న పాత లైను మీద పెడితే ఇవాళో రేపో ఫ్యూజు పోతుంది. అప్పుడు చాలామంది చేసే పని 20 యాంపియర్ల ఫ్యూజు గుచ్చేయడం. దయచేసి అది మాత్రం చేయకండి. ఫ్యూజు ఉన్నది వైరుని కాపాడటానికి. పెద్ద ఫ్యూజు పెడితే ఇక కాలేది ఫ్యూజు కాదు, డ్యాష్‌బోర్డు వెనకున్న వైరు.

రిలే చేసే పని చాలా సులువైనది. పాత హారన్ వైరు ఇప్పుడు హారన్‌ని మోగించదు, రిలే కాయిల్‌ని మాత్రం లేపుతుంది. దానికి అయ్యే కరెంటు 0.2 యాంపియర్ల లోపే. అసలు కరెంటు బ్యాటరీ నుంచి కొత్త లావు వైరు మీద నేరుగా హారన్‌కి వస్తుంది. మామూలు నాలుగు కాళ్ల రిలే కింద అంకెలు ఉంటాయి: 30, 87, 85, 86. ఇవి జర్మన్ ప్రమాణం డిన్ 72552 నుంచి వచ్చినవి, ఏ కంపెనీ రిలే అయినా దాదాపు ఇవే. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే వైరు 30కి. 87 నుంచి రెండు హారన్ల ప్లస్‌కి. పాత హారన్ కనెక్టర్‌లోని ప్లస్ 86కి, మైనస్ 85కి. హారన్ల మైనస్‌లు మంచి ఎర్త్‌కి, కుదిరితే బ్యాటరీ మైనస్‌కే. ట్రంపెట్ల ఒళ్లు ప్లాస్టిక్‌ది కాబట్టి చాలావాటికి ఎర్త్ వైరు విడిగా ఇవ్వాల్సిందే, బ్రాకెట్ నుంచి వస్తుందిలే అనుకోకండి.

ఐదు కాళ్ల రిలే చేతికి వస్తే మధ్యలో 87ఎ అని ఇంకొకటి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేయండి. పొరపాటున హారన్ దానికి కలిపితే బ్యాటరీ తగిలించిన క్షణం నుంచి మోగడం మొదలుపెట్టి, నొక్కితే ఆగుతుంది. తమాషాగా అనిపిస్తుంది కానీ చుట్టుపక్కల వాళ్లకి కాదు.

రిలే కొనేటప్పుడు లోపల డయోడ్ (కరెంటుని ఒకే వైపు పోనిచ్చేది) ఉన్నది గానీ, రెసిస్టర్ ఉన్నది గానీ తీసుకోండి. కాయిల్ ఆగిన ప్రతిసారీ వెనక్కి ఒక పెద్ద వోల్టేజీ దెబ్బ కొడుతుంది, కొత్త కార్ల ఎలక్ట్రానిక్స్‌కి అది మంచిది కాదు. డయోడ్ ఉన్న రిలేలో 86 ప్లస్‌కే వెళ్లాలి, 85 మైనస్‌కే. తిరగేస్తే డయోడ్ షార్ట్ దారి అయిపోయి పాత హారన్ ఫ్యూజు ఎగిరిపోతుంది. రెసిస్టర్ రకానికి ఆ బెడద లేదు, అందుకే మొదటిసారి చేసేవాళ్లకి నేను అదే చెప్తాను.

వైరు కలిపే ముందు పాత కనెక్టర్‌లో ఏ పిన్ను ఏమిటో మీటర్‌తో తేల్చుకోండి. రంగులు నమ్మకండి. కొన్ని బండ్లలో హారన్‌కి ప్లస్ ఎప్పుడూ ఉంటుంది, స్టీరింగ్ బటన్ ఎర్త్‌ని కలుపుతుంది. మరికొన్నింటిలో ఎర్త్ ఎప్పుడూ ఉంటుంది, నొక్కితే ప్లస్ వస్తుంది. రెండు పిన్నులూ రిలే కాయిల్‌కే ఇస్తున్నారు కాబట్టి ఏ రకమైనా పని చేస్తుంది. ఒంటి వైరు హారన్ ఉన్న బండి అయితేనే జాగ్రత్త: ఆ వైరు 86కి వెళ్తుంది, 85కి ఎర్త్ మీరే ఇవ్వాలి.

కొత్త కార్లలో ఇంకో చిక్కు ఉండొచ్చు. బటన్ నొక్కిన సంగతి కంట్రోల్ మాడ్యూల్‌కి వెళ్తుంది, హారన్‌ని నడిపేది అదే. కొన్ని మాడ్యూళ్లు హారన్ ఎంత కరెంటు తీసుకుంటోందో కనిపెడుతూ ఉంటాయి. హారన్ తీసేసి రిలే కాయిల్ మాత్రం పెడితే "హారన్ లేదు" అనుకుని ఫాల్ట్ కోడ్ పెట్టుకుంటాయి. అలా జరిగితే పాత హారన్లలో ఒకదాన్ని ఉన్నచోటే ఉంచి, రిలే కాయిల్‌ని దానికి సమాంతరంగా కలపండి. పాతదీ మోగుతుంది, కొత్తవీ మోగుతాయి. కోడ్ గొడవ పోతుంది.

వైరు విషయంలో పిసినారితనం పనికిరాదు. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీటరుకి సుమారు 25 మిల్లీ ఓమ్‌లు ఉంటుంది. వెళ్లే దారి, వచ్చే దారి కలిపి 4 మీటర్లు, 10 యాంపియర్లు అనుకుంటే వైరులోనే ఒక వోల్టు పోయినట్టు. అదే 2.5 చదరపు మిల్లీమీటర్లది వాడితే పోయేది 0.3 వోల్టులు. కాబట్టి ట్రంపెట్ జతకి 2.5 వాడండి, కాయిల్ వైపు 0.75 చాలు. కార్ల కోసం చేసిన సన్న పోగుల వైరే తీసుకోండి, ఇంటి వైరింగ్‌లో వాడే ఒంటి తీగ వైరు ఇంజన్ అదురుకి విరుగుతుంది. కిట్‌తో వచ్చే రెడీమేడ్ వైర్ల కట్ట, అదే హార్నెస్‌ని కూడా గుడ్డిగా నమ్మకండి. పైన తొడుగు లావుగా ఉండి లోపల రాగి పోగులు నాలుగే ఉన్నవి దొరుకుతుంటాయి. ఒక చివర కొంచెం ఒలిచి చూస్తే తెలిసిపోతుంది.

ఫ్యూజు 15 యాంపియర్లది సరిపోతుంది. బ్యాటరీ టెర్మినల్ నుంచి జానెడు దూరంలోపే ఉండాలి. దూరంగా పెడితే బ్యాటరీకి, ఫ్యూజుకి మధ్యనున్న వైరుని కాపాడేవాడు ఎవడూ ఉండడు. యాక్సిడెంట్‌లో నలిగేది బండి ముందు భాగమే అని గుర్తుంచుకోండి.

వైరు కొనలకి లగ్గులు (లోహపు కొసలు) వేసేటప్పుడు కాస్త ఓపిక పట్టండి. ఆరేడు మిల్లీమీటర్లు తొడుగు తీసి, పోగులన్నీ ఒక్కటి కూడా తెగకుండా మెలి తిప్పి, లగ్గు ముందు రెక్కలు రాగిని, వెనక రెక్కలు తొడుగుని పట్టుకునేలా క్రింప్ చేయాలి, అంటే నొక్కి బిగించాలి. తర్వాత గట్టిగా లాగి చూడండి. ఊడితే ఇప్పుడే ఊడనివ్వండి. సోల్డర్ పోస్తే ఇంకా గట్టి అనుకుంటారు కానీ, సోల్డర్ వైరులోకి పాకి ఆగిన చోట తీగ బిరుసెక్కి, అదురుకి అక్కడే విరుగుతుంది. మంచి క్రింపింగ్, పైన వేడికి బిగుసుకునే స్లీవ్, అంతకన్నా ఇంకేం అక్కర్లేదు. ఇన్సులేషన్ టేపు ఒక్కటే చుడితే ఇంజన్ వేడికి జిగురు కారిపోయి రెండు ఎండాకాలాలు కూడా నిలవదు.

ఇప్పుడు బిగించడం. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. చాలా కార్లలో బంపర్ గానీ, గ్రిల్ గానీ విప్పాల్సి వస్తుంది, అక్కడ ఎయిర్‌బ్యాగ్ క్రాష్ సెన్సర్లు ఉంటాయి. బ్యాటరీ తీశాక ఎంతసేపు ఆగాలో మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది, అంతసేపూ ఆగండి. ఆ సెన్సర్ల బోల్టులకే హారన్ బ్రాకెట్ తగిలించడం మాత్రం వద్దే వద్దు. ముందు రాడార్ ఉన్న కారు అయితే దాని ఎదురుగా ఏదీ రాకూడదు. స్టీరింగ్ ముట్టుకోవాల్సిన అవసరం ఈ పనిలో ఎక్కడా లేదు. అసలు హారనే మోగక, దాంతో పాటు ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా వెలుగుతోందంటే స్టీరింగ్ కింద ఉండే క్లాక్ స్ప్రింగ్ పోయి ఉండొచ్చు, అది వర్క్‌షాపు వాళ్ల పని.

హారన్‌తో వచ్చే ఇనుప పట్టీ బ్రాకెట్ వంగేలా ఉంటుంది, అది లోపం కాదు. హారన్ స్వేచ్ఛగా అదరడానికే అలా చేస్తారు. హారన్ ఒంటికి చుట్టూ కనీసం వేలు దూరేంత ఖాళీ ఉండాలి. బంపర్‌కో, రేడియేటర్ సపోర్టుకో ఆనుకుంటే చేత్తో పట్టుకుని గంట కొట్టినట్టు ఉంటుంది, మోత చచ్చిపోతుంది. కొత్త హారన్ పెట్టాక "ప్యాకెట్ మీద రాసినంత లేదు" అనే ఫిర్యాదుల్లో ఇది మొదటి కారణం. బ్రాకెట్ పొడవు చాలదని ఇంకో పొడవాటి పట్టీ జోడిస్తే అది కూడా అదిరి మోతని మింగేస్తుంది. బండిలో ఉన్న గట్టి బోల్టు రంధ్రం వెతుక్కోండి. హారన్ వీపు మధ్యలో ఉన్న నట్టు బ్రాకెట్‌ని పట్టుకునేది, దాన్ని అతిగా తిప్పితే లోపలి అమరిక కదిలి గొంతు మారిపోతుంది. స్పానర్ రెండో చివర, అంటే బండికి బిగించే బోల్టు మీదే వాడండి.

ట్రంపెట్ నోరు కిందికి, కొంచెం ముందుకి చూడాలి. పైకి గానీ, నేరుగా ముందుకి గానీ పెడితే వానలో నీళ్లు నిండిపోతాయి. మొదటి వానకి గుడగుడమని, తర్వాత తుప్పు పట్టి ఆగిపోతుంది. డిస్క్‌ని నిలువుగా, ముఖం ముందుకి ఉండేలా పెట్టండి. ముందుకి అంటున్నది ఎందుకంటే పై స్వరాలు గురిపెట్టిన వైపే ఎక్కువ పోతాయి. బంపర్ ప్లాస్టిక్ వెనక దాక్కున్న హారన్‌కి, గ్రిల్ సందుల్లోంచి బయటికి చూస్తున్న హారన్‌కి తేడా చెవికి తెలుస్తుంది. అయితే గాలి అడ్డుకునేలా ఏసీ కండెన్సర్ ముందు నడిమధ్యలో పెట్టేయకండి, పక్కలకి జరపండి. రేడియేటర్ ఫ్యాన్ రెక్కలకి, వైరుకి మధ్య దూరం చూసుకోండి. రిలేని కాళ్లు కిందికి ఉండేలా, నీళ్లు పడని చోట తగిలించండి.

అంతా అయ్యాక తల బానెట్‌లో పెట్టి పరీక్షించొద్దు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ (NIOSH) లెక్క ప్రకారం 100 డెసిబెల్స్‌ని చెవి రోజుకి 15 నిమిషాలే భరించగలదు, ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ సమయం సగం అవుతూ పోతుంది. 115 దగ్గర అర నిమిషం కూడా ఉండదు. మీ తల హారన్‌కి అడుగు దూరంలో ఉంటే అక్కడ మోత ప్యాకెట్ మీద రాసినదానికన్నా ఎక్కువే. ఇయర్ ప్లగ్స్ పెట్టుకోండి, అర సెకను చొప్పున మోగించండి, మొదట చేసిన వోల్టేజీ కొలత మళ్లీ చేయండి. ఇప్పుడు హారన్ దగ్గర, బ్యాటరీ దగ్గర అంకెల మధ్య తేడా అర వోల్టుకి మించకూడదు.

గొంతు ఇంకా బొంగురుగా ఉంటే హారన్ వెనక చిన్న స్క్రూ ఉంటుంది, కాంటాక్ట్ పాయింట్ సర్దేది అదే. ఒకసారికి పావు చుట్టులో సగం తిప్పితే చాలు. తిప్పడం, మోగించడం, వినడం, ఇలా చేస్తూ మోత తేటపడ్డ చోట ఆపేయండి. గట్టిగా మోగుతోంది కదా అని ఇంకా తిప్పితే కరెంటు పెరిగి పాయింట్లు కాలిపోతాయి. స్క్రూ మీద లక్క సీలు ఉంటే ముట్టుకోకండి, వారంటీ పోతుంది.

ఎయిర్ హారన్ గురించి మీరు అడగలేదు కానీ కింద ఎవరో ఒకరు దాన్నే పెట్టమంటారు కాబట్టి చెప్తున్నా. కంప్రెసర్ 15 నుంచి 20 యాంపియర్లు లాగుతుంది, ఇంకా లావు వైరు, ఇంకా పెద్ద ఫ్యూజు కావాలి, కొన్ని సెకన్లకి మించి వరసగా మోగించకూడదు. నొక్కిన తర్వాత మోగడానికి క్షణం ఆలస్యం అవుతుంది, అత్యవసరంలో ఆ క్షణమే ముఖ్యం. సైకిల్ మీద పక్కనే వెళ్తున్న మనిషి బెదిరిపోయి చక్రాల కింద పడే ప్రమాదమూ ఉంది. మామూలు కారుకి నేను పెట్టను, పెట్టమని చెప్పను.

రెండు చిన్న సంగతులు మిగిలాయి. రిమోట్‌తో తాళం వేసినప్పుడు మీ కారు హారన్‌తో కూత వేసే రకం అయితే, ఇకమీదట అర్ధరాత్రి ఇంటికి వచ్చినప్పుడు ఆ కూత కూడా కొత్త గొంతుతోనే వస్తుంది. సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేసే వీలు ఉంటే ముందే ఆపేయండి. రెండోది, కారు కనెక్టర్‌ని కత్తిరించకండి. దానికి సరిపోయే మగ పిన్నులు తెచ్చి రిలే వైర్లకి వేసి గుచ్చుకోండి. పాత హారన్లు రెండూ గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి. ఫిట్‌నెస్ పరీక్షకో, బండి అమ్మేటప్పుడో వాటిని తిరిగి పెట్టడానికి బంపర్ విప్పే సమయం తప్ప ఇంకేమీ పట్టదు.

మీ కొలతల్లో ఏం వచ్చిందో రాయండి: నొక్కినప్పుడు బ్యాటరీ దగ్గర ఎంత, హారన్ దగ్గర ఎంత, పాత హారన్ ఫ్యూజు ఎన్ని యాంపియర్లు. కారు మోడల్ కూడా చెప్తే మీకు ట్రంపెట్ అవసరమో, ఎమరీ పేపర్ ముక్క చాలో చెప్పగలను.